బీపీ ఉన్న ఇంటికి ఏ సువాసన? నూనె పేరు తర్వాత, ముందు పద్ధతి చూడండి

మందుల షాపు కౌంటర్ దగ్గర ఈమధ్య తరచూ వినపడే ప్రశ్న ఇది: “బీపీకి లావెండర్ నూనె మంచిదాండీ, ఇలాంగ్ ఇలాంగ్ మంచిదాండీ?” పిల్లలు హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో 10 మి.లీ. సీసాలు పంపుతున్నారు. వాటి వెనకే ఫోన్లో వీడియోలు వస్తున్నాయి. మొన్న ఒక పెద్దాయన నూనె సీసా, బీపీ మాత్రల స్ట్రిప్పు ఒకే సంచిలో వేసుకొచ్చి, “ఆయ్, మా అబ్బాయి పంపేడండి. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలేసుకుని తాగితే మాత్ర సగం చేసెయ్యొచ్చంట కదండీ” అన్నారు. నూనె తాగకూడదు బాబాయి గారూ, మాత్ర సగం చెయ్యనూ కూడదు అని చెప్పాను. సీసా మాత్రం పారెయ్యమనలేదు. దానికీ ఒక పని ఉంది. ఆ పని ఎంత, దాన్ని ఏ పద్ధతిలో వాడాలి, మన గోదావరి డెల్టా ఇళ్లకీ మన మాత్రలకీ ఏది నప్పుతుంది అనేదే ఇక్కడ చెప్పదలుచుకున్నది.

మన ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు. 2003-04లో గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాల కారణాలను ఇంటింటా తిరిగి నమోదు చేస్తే, గుండె, రక్తనాళాల జబ్బులదే మొదటి స్థానం. మొత్తం మరణాల్లో దాదాపు మూడో వంతు వాటివే. అప్పటికి ఇంత రొయ్యల సాగూ లేదు, ఊరూరా ఇన్ని బేకరీలూ లేవు.

వాసన చేయగలిగింది ఎంత?

ముక్కు పైభాగంలో ఉండే నాడులు వాసన కబురుని మెదడులో భయం, ఆనందం, జ్ఞాపకం చూసుకునే భాగానికి నేరుగా చేరవేస్తాయి. అక్కడి నుంచి హైపోథలామస్‌కి, దాన్నుంచి గుండె వేగాన్నీ రక్తనాళాల బిగువునీ నడిపించే నాడీ వ్యవస్థకి కబురు వెళ్తుంది. మనసు కుదుటపడితే అడ్రినలిన్ తగ్గుతుంది, గుండె కాస్త నెమ్మదిస్తుంది, నాళాలు కొంచెం సడలుతాయి. సువాసన గుండెకి చేసే మేలులో ఎక్కువ భాగం ఈ దారిన వచ్చేదే. నాళాల్లో పేరుకున్న కొవ్వుని కరిగించడం, బ్లాకులు తెరవడం, కొలెస్టరాల్ దించడం వాసన వల్ల కావు. వీడియోలో “నాళాలు శుభ్రం” అనే మాట వినపడగానే దాన్ని కట్టేయొచ్చు, మిగతాది చూడక్కర్లేదు.

అంకెల్లో చూద్దాం. తైవాన్‌లో స్పాల్లో పనిచేసే వంద మంది ఆరోగ్యవంతులను గదిలో కూర్చోబెట్టి బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు నూనె ఆవిరి వదిలారు. ముప్పావుగంట అయ్యేసరికి బీపీ, గుండె వేగం చెరో రెండు పాయింట్లు తగ్గాయి. బాగానే ఉంది. కానీ గంట దాటాక కూడా అదే గదిలో కూర్చుంటే రెండూ మళ్లీ పెరగడం మొదలుపెట్టాయి, రెండు గంటలయ్యేసరికి మొదట ఉన్నదానికన్నా ఎక్కువయ్యాయి. రాత్రంతా గదిలో నూనె వాసన చిమ్మే డిఫ్యూజర్ మిషన్ వేసుకుని పడుకునేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

కొరియాలో హైబీపీ ఉన్నవాళ్లతో లావెండర్, ఇలాంగ్ ఇలాంగ్, బెర్గమాట్ కలిపి రోజుకోసారి నాలుగు వారాలు పీల్పిస్తే బీపీ, ఒత్తిడి తగ్గాయని నమోదు చేశారు. ఇరాన్, టర్కీ ఆసుపత్రుల్లో యాంజియోగ్రామ్‌కి ముందు, ఐసీయూలో ఉన్నప్పుడు లావెండర్ వాసన చూపిస్తే రోగుల ఆందోళన తగ్గిందని చాలాసార్లు రాశారు. అన్నీ చిన్న అధ్యయనాలే. పైగా ఇందులో తప్పించుకోలేని చిక్కు ఒకటుంది: ఎవరికి అసలు మాత్ర, ఎవరికి ఉత్తుత్తి మాత్ర అన్నది దాచినట్టు వాసనని దాచలేం. లావెండర్ వాసన వస్తోందని రోగికి తెలిసిపోతుంది, బాగుంటుందనే నమ్మకమూ అందులో కలిసిపోతుంది.

దీని పక్కన ఉప్పుని పెట్టి చూడండి. రోజుకి నాలుగైదు గ్రాముల ఉప్పు తగ్గించుకున్న హైబీపీ మనుషుల్లో పై అంకె సగటున ఐదు పాయింట్ల దాకా దిగుతుంది. ఆ తగ్గుదల గంటకో రెండు గంటలకో పోయేది కాదు, అలా తింటున్నంత కాలం ఉంటుంది. పెరుగన్నంలో ఆవకాయ, నంజుకోడానికి చల్ల మిరపకాయ, ఆదివారం ఎండు రొయ్యల కూర ఉండే మన భోజనంలో ఆ నాలుగైదు గ్రాములు ఎక్కడున్నాయో వెతకనక్కర్లేదు. అందుకే సువాసనని మాత్ర పక్కన, ఉప్పు తగ్గించడం పక్కన, నడక పక్కన నిలబెట్టాలి. వాటి చోట కాదు. ఆ స్థానంలో అది బాగా పనికొస్తుంది, ముఖ్యంగా రాత్రి నిద్ర పట్టక బీపీ పెరిగేవాళ్లకి, బీపీ మిషన్ దగ్గర కూర్చోగానే కంగారుతో అంకె పైకెళ్లేవాళ్లకి.

పీల్చాలా, రాయాలా, గదిలో వదలాలా?

అందరూ ఏ నూనె అని అడుగుతారు. నేనైతే ముందు ఎలా వాడతారు అని అడుగుతాను. ఒకే లావెండర్ పద్ధతిని బట్టి మేలూ చేస్తుంది, చర్మం మీద దద్దురూ తెస్తుంది.

బీపీ ఉన్న పెద్దవాళ్లకి నా మొదటి ఓటు చేతిరుమాలుకే. శుభ్రమైన రుమాలు మీద లేదా దూదిపింజె మీద ఒక్క చుక్క వేసి, ముక్కుకి జానెడు దూరంలో పట్టుకుని, కుర్చీలో వెనక్కి ఆనుకుని నెమ్మదిగా ఊపిరి తీయాలి. నిమిషానికి ఆరేడు శ్వాసల చొప్పున ఐదు పది నిమిషాలు. నిజం చెప్పాలంటే ఇందులో సగం పని ఆ నెమ్మదైన ఊపిరే చేస్తుంది. వాసన మనిషిని అక్కడ కూర్చోబెడుతుంది. ఖర్చు లేదు, కరెంటు అక్కర్లేదు, ఇంట్లో మిగతావాళ్లకి పడకపోతే వాళ్లని ఇబ్బంది పెట్టదు, తల తిరిగినట్టుంటే రుమాలు పక్కన పెట్టేస్తే సరి. ఆర్టీసీ బస్సులోనూ చేయొచ్చు.

డిఫ్యూజర్ గురించి అంత ఉత్సాహంగా చెప్పలేను. నీళ్లని పొగమంచులా చిమ్మే ఈ మిషన్ చలిదేశాల పొడిగాలికి బాగా నప్పుతుంది. మనకి గాలిలో తేమకి ఏనాడూ లోటు లేదు. వానాకాలంలో అమలాపురం వైపు తలుపులే ఉబ్బి బిగుసుకుపోతుంటే గదిలోకి ఇంకా తేమ పంపడం దేనికి? ఏసీ వేసి తలుపులు బిగించిన గదిలో అయితే గోడకి బూజు, మనిషికి తలనొప్పి. తీరానికి దగ్గరున్న ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. ఆ నీళ్లు పోస్తే అందులోని లవణాలూ సన్నటి పొడిగా గాలిలోకి వస్తాయి. వాడి తీరాలనుకుంటే ఆర్వో నీళ్లు గానీ డిస్టిల్డ్ నీళ్లు గానీ పోయండి, కిటికీ ఒకటి తెరిచి ఉంచండి, పావుగంట నుంచి అరగంటకి ఆపేయండి. వారానికి రెండుసార్లు గిన్నె తుడిచి ఆరబెట్టండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే అసలు వద్దు.

ఒంటికి రాయడం మనకి కొత్త కాదు, తలంటు తెలిసిన జనం మనం. అంబాజీపేట చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా గానుగ కొబ్బరినూనె ఉంటుంది. దానిలో కలిపి పాదాలకి, అరచేతులకి, మెడ వెనక రాయొచ్చు. కొలత ఇలా: 30 మి.లీ. కొబ్బరినూనెకి ఆరు చుక్కలు వేస్తే దాదాపు ఒక శాతం అవుతుంది. అరవై దాటినవాళ్లకి, చర్మం పలచబడినవాళ్లకి అది చాలు. మిగతావాళ్లు పన్నెండు చుక్కలు దాటక్కర్లేదు. ముందురోజు మోచేతి మడత దగ్గర ఒక చుక్క రాసి ఒక రోజు ఆగండి, ఎర్రబడితే ఆ నూనె మీది కాదు. సీసాలోంచి నేరుగా ఒంటికి రాయడం ఏ నూనెకీ తగదు. రాత్రి పడుకునే ముందు కూతురో కోడలో పదినిమిషాలు పాదాలు రుద్దితే వచ్చే హాయిలో నూనె వాటా ఎంత, ఆ చేతుల వాటా ఎంత అన్నది తేల్చడం కష్టం. తేల్చాల్సిన పని కూడా లేదు. రుద్దడం అయ్యాక మాత్రం ఒక్కసారిగా లేవకండి. బీపీ మాత్ర వేసుకున్నవాళ్లకి కళ్లు తిరుగుతాయి.

తాగడం గురించి ఒక్క మాట: వద్దు. జర్మనీలో ఆందోళనకి 80 మిల్లీగ్రాముల లావెండర్ క్యాప్సూల్ అమ్ముతారు, అది కొలత ప్రకారం తయారుచేసిన మందు. మీ చేతిలో సీసా వేరు. రెండు చుక్కలు అనుకుని ఒంపితే ఎన్ని పడతాయో చెప్పలేం. పైగా నూనె నీళ్లలో కలవదు, పైన తేలి నోటినీ గొంతునీ అంటుకుంటుంది.

ఇక పొగ. ఇక్కడ కొందరికి కోపం వస్తుందని తెలుసు. అగరుబత్తి, సాంబ్రాణి, దోమల కాయిల్ వాసన ఎంత బాగున్నా కాల్చితే వచ్చేది పొగే. సన్నటి నలుసులు ఊపిరితిత్తుల లోతుకి వెళ్లి రక్తనాళాల గోడలకి చేటు చేస్తాయి. సింగపూర్‌లో 60 వేలమందికి పైగా చైనా సంతతివారిని ఏళ్ల తరబడి గమనిస్తే, ఇంట్లో అగరుబత్తీలు వాడేవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు సుమారు 12 శాతం ఎక్కువగా కనిపించాయి. పూజ మానమని నేననను. దీపం, పూలు, ఒక్క బత్తి, తెరిచిన కిటికీ చాలు. పురిటి గదిలో పసిపిల్లకి సాంబ్రాణి వేసే అలవాటుంది కదా, అదే గదిలో గుండెజబ్బు ఉన్న తాతగారు ఉంటే ఆయన్ని ముందు వసారాలోకి పంపండి. గుండె కోసమని ధూపం వేయడం మాత్రం తలకిందుల పని.

నూనెల్లో ఏది?

లావెండర్‌తో మొదలుపెట్టేవాళ్లు తప్పు చేసినట్టు కాదు. బెర్గమాట్ లాంటివాటితో పోల్చితే చర్మానికి కాస్త నెమ్మది, నిద్రకీ ఆందోళనకీ ఎక్కువ పరిశీలన జరిగింది దాని మీదే. కాశ్మీర్ వైపు, జమ్మూలోని భదర్వా కొండల్లో ఇప్పుడు మనవాళ్లే పండిస్తున్నారు. వాసన నచ్చకపోతే మాత్రం బలవంతం చేయకండి. నచ్చని వాసనతో ఎవరి నాడీ నెమ్మదించదు. “ఆసుపత్రి వాసనలా ఉందండి” అని లావెండర్ సీసా తిరిగి ఇచ్చేసినవాళ్లు ఉన్నారు.

బెర్గమాట్ ఇటలీలోని కలాబ్రియా ప్రాంతపు నిమ్మజాతి పండు తొక్క నూనె. పీల్చడానికి హాయిగా ఉంటుంది. ఒంటికి రాయడానికి మన దగ్గర పనికిరాదు. దానిలోని బెర్గాప్టెన్ చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు మచ్చలు పడతాయి. రాసుకున్నాక ముప్పావు రోజు ఆ చోటికి ఎండ తగలకూడదు. చేలోకి, చెరువు గట్టు మీదికి వెళ్లే మనిషికి అదెలా సాధ్యం? బెర్గాప్టెన్ తీసేసిన రకం కూడా అమ్ముతారు, సీసా మీద రాసి ఉంటే తప్ప అది అనుకోకండి. నిమ్మ తొక్కని పిండి తీసిన నూనెకీ ఇదే హెచ్చరిక.

ఇలాంగ్ ఇలాంగ్ అంటే ఏదో చైనా మందు అనుకుంటారు. అది సీతాఫలం కుటుంబపు చెట్టు పువ్వు. మన పెరళ్లలోని మనోరంజితం కూడా ఆ కుటుంబందే, అందుకే ఆ తియ్యటి బరువైన వాసన కాస్త తెలిసినట్టుంటుంది. చిన్న పరిశీలనల్లో గుండె వేగం, బీపీ తగ్గించింది. కానీ వాసన చాలా ఘాటు. చుక్క ఎక్కువైతే తలనొప్పి, వికారం. అప్పటికే బీపీ తక్కువగా ఉండేవాళ్లు, మాత్రలతో అంకె 110 దగ్గర నిలిచినవాళ్లు దీన్ని పక్కన పెట్టొచ్చు.

నాకు ఈ జాబితాలో అందరికన్నా ఇష్టమైనది మరువం. అవును, కనకాంబరాల మధ్య గుచ్చే ఆ మరువమే. అంగళ్లలో స్వీట్ మార్జొరమ్ పేరుతో ఖరీదుగా అమ్ముడయ్యే నూనె దీనిదే. ఒత్తిడికీ కండరాల బిగువుకీ సుగంధ చికిత్సకులు ఎప్పటినుంచో వాడుతున్నారు. దాని మీద జరిగిన పరిశీలన లావెండర్ అంత లేదు, ఆ మాట దాచను. కానీ కడియం నర్సరీల నుంచి ఒక కుండీ తెచ్చుకుంటే సీసా అక్కర్లేదు. నీళ్లు నిలవని మట్టి, పొద్దుటి ఎండ ఉంటే చాలు, వానాకాలంలో చూరు కిందకి జరపాలి. రెండు కొమ్మలు తుంచి అరచేతిలో నలిపితే ముందు మిరియం లాంటి ఘాటు తగులుతుంది, కాసేపటికి అది తగ్గి తియ్యటి ఆకు వాసన మిగులుతుంది. కల్తీ ఉండదు, మోతాదు మించదు, చర్మానికీ మందుకీ పేచీ పెట్టేంత నూనె ఆ రెండు కొమ్మల్లో ఉండదు. దవనం కూడా దాని పక్కనే దొరుకుతుంది, వాసన అద్భుతం, గుండెకి చేసేదేమిటో మాత్రం దానికి రుజువు లేదు. ఇష్టమైతే రెండూ పెట్టుకోండి.

మల్లె విషయంలోనూ సీసా కన్నా పువ్వే నయం. జపాన్‌లో మల్లె కలిపిన టీ వాసన చాలా పలచగా పీల్పిస్తే గుండె వేగం తగ్గి మనసు తేలికపడిందని చూశారు. మల్లె నూనె పేరుతో వచ్చే చవక సీసాల్లో అసలు మల్లె ఉండడం అరుదు. వేసవి సాయంత్రం కడియపులంక మార్కెట్టు నుంచి వచ్చిన మల్లెలు దిండు పక్కన ఒక పళ్లెంలో పోసుకోండి. ఒక్క జాగ్రత్త: కొందరికి రాత్రంతా ఆ ఘాటుకి తల పట్టేస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకి పడకపోవచ్చు.

వట్టివేరు, చందనం నెమ్మదైన వాసనలు, నిద్రకి ముందు బాగుంటాయి. చందనం ధర దృష్ట్యా కల్తీ ఎక్కువ. వట్టివేళ్ల తడిక కిటికీకి కట్టి నీళ్లు చల్లితే వేసవిలో చల్లగాలీ వాసనా రెండూ వస్తాయి. ఎండదెబ్బ గుండెకి భారం కాబట్టి ఆ చల్లదనమే ఒక మేలు.

వద్దనదగినవి కొన్ని. కర్పూరం, రోజ్‌మేరీ, హిస్సప్, యూకలిప్టస్ ఉత్తేజపరిచే వాసనలు. హైబీపీ ఉన్నవాళ్లు ఎక్కువ వాడొద్దని సుగంధ చికిత్సకులు చెప్తారు. బీపీ విషయంలో ఆ హెచ్చరికకి ఆధారం పలచనే గానీ, మూర్ఛ జబ్బు ఉన్నవాళ్లకి మాత్రం ఇవి నిజంగా ప్రమాదం. పిల్లలు కర్పూరం మింగితే ఫిట్స్ వస్తాయి, ముద్ద కర్పూరం డబ్బా దేవుడి గూట్లో కింది అరలో ఉంటే ఇప్పుడే పైకి మార్చండి.

మీ మాత్రల చీటీ ఏం చెప్తోంది?

నూనె ఎంపికలో ఇదే అసలు పరీక్ష. వాల్వు మార్పించుకుని రక్తం పలచబరిచే అసిట్రామ్ గానీ వార్ఫరిన్ గానీ వేసుకునేవాళ్లు, స్టెంటు వేయించుకుని ఆస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ మీద ఉన్నవాళ్లు వింటర్‌గ్రీన్ నూనె జోలికి వెళ్లకూడదు. అందులో దాదాపు 98 శాతం మిథైల్ శాలిసిలేట్ ఉంటుంది, అంటే ఆస్ప్రిన్‌కి దగ్గర చుట్టం. చర్మం మీద రుద్దుకున్నా రక్తంలోకి చేరుతుంది, వార్ఫరిన్‌తో కలిసి ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే అంకె) పెరిగి రక్తస్రావమైన సంఘటనలు వైద్యులు నమోదు చేశారు. ఒక టీస్పూను నూనె మింగితే ఇరవైకి పైగా మామూలు ఆస్ప్రిన్ మాత్రలు మింగినట్టే. మోకాళ్ల నొప్పులకి వాడే చాలా బాముల్లోనూ ఇది ఉంటుంది. ఎప్పుడో ఒకసారి కాస్త రాసుకుంటే కొంప మునగదు, కానీ నాట్ల రోజుల్లో రెండు మోకాళ్లకీ నడుముకీ రోజూ పట్టించేవాళ్లు డబ్బా వెనక్కి తిప్పి చదవాలి. ఐఎన్ఆర్ పరీక్ష ఎందుకు పెరిగిందో తెలియక డాక్టర్ తల పట్టుకుంటే ఆ బాము సంగతి చెప్పండి. లవంగ నూనెలోని యూజినాల్‌కీ రక్తాన్ని పలచబరిచే గుణం ఉంది. పంటికి దూదితో అద్దడం వేరు, ఒళ్లంతా మర్దన చేసుకోవడం వేరు.

బీపీ మాత్రలు మాత్రమే వేసుకునేవాళ్లకి రుమాలు మీద లావెండర్‌తో, మరువం కొమ్మతో ఇబ్బంది ఏమీ ఉండదు. గర్భిణులు, బీపీ ఉన్నా లేకపోయినా, డాక్టర్‌ని అడగకుండా నూనెల మర్దన పెట్టుకోకూడదు. గర్భంలో బీపీ పెరగడం సువాసనతో సర్దుకునే వ్యవహారం కాదు.

కాళ్ల నరాలు ఉబ్బినవాళ్లు

రొయ్యల షెడ్డుల్లో, బట్టల కొట్లలో రోజంతా నిలబడి పనిచేసేవాళ్లు సైప్రస్ నూనె గురించి అడుగుతున్నారు. మెలికలు తిరిగిన సిరలని ఏ నూనే సరిచేయదు. సాయంత్రం కాళ్లు ఎత్తి పెట్టుకోవడం, డాక్టర్ చెప్పిన బిగుతు మేజోళ్లు వేసుకోవడం పనిచేస్తాయి. మడమ నుంచి పైకి మెల్లగా నూనె రాస్తే అలసట తీరుతుంది, అంతవరకే. ఒకే కాలు వాచి, పిక్క నొప్పిగా వేడిగా ఉంటే మాత్రం అక్కడ వేలు పెట్టి రుద్దకండి. లోపలి సిరలో గడ్డ కట్టి ఉండొచ్చు, రుద్దితే అది కదిలి ఊపిరితిత్తులకి చేరొచ్చు. అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీలో బిగుతు, ఎడమచేతిలోకో దవడలోకో లాగడం, చెమటలు పట్టడం కనిపిస్తే గ్యాస్ అనుకుని యూకలిప్టస్ వాసన చూపిస్తూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి.

కొనేటప్పుడు

సీసా మీద మొక్క శాస్త్రీయ నామం లేకపోతే అది సెంటు కింద లెక్క. ముదురు రంగు గాజు సీసా ఉండాలి, ప్లాస్టిక్‌లో పోసినది వద్దు. గులాబీ నూనె ఒక కిలో తీయడానికి మూడు నాలుగు టన్నుల రేకులు కావాలి. అలాంటిది వంద రూపాయలకి అసలు గులాబీ నూనె ఎవరిస్తారు? ఇంట్లో చేసుకునే చిన్న పరీక్ష ఉంది: తెల్ల కాగితం మీద ఒక చుక్క లావెండర్ వేసి ఒక రోజు వదిలేయండి. జిడ్డు మరక మిగిలితే ఏదో వంటనూనె కలిసింది. వట్టివేరు, చందనం లాంటి చిక్కటి నూనెలకి మాత్రం ఈ పరీక్ష చెల్లదు, అవి సహజంగానే నెమ్మదిగా ఎగురుతాయి. మూత తీసిన నిమ్మజాతి నూనెని ఏడాది దాటాక ఒంటికి రాయకండి. గాలి తగిలి మారిన నూనె దురద పెడుతుంది. మన వేసవికి సీసా ఫ్రిజ్ తలుపులో పెట్టడమే మేలు, పిల్లలకి అందకుండా.

పట్టిందో లేదో తెలుసుకోవడం

పై చేతికి కట్టే డిజిటల్ బీపీ మిషన్‌తో రెండు వారాలు పొద్దున, సాయంత్రం ఒకే వేళకి చూసుకోండి. ఐదు నిమిషాలు కూర్చుని, వీపు ఆనించి, పాదాలు నేలకి తగిలించి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి చూడాలి. వాసన పీల్చిన వెంటనే చూసిన అంకె తగ్గుతుంది, అది మురిసిపోవడానికే పనికొస్తుంది. అందుకే పీల్చక ముందు అంకె రాసుకోండి. ఎన్ని గంటలకి నిద్ర పట్టింది, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది అనేదీ పక్కనే రాయండి, ఎందుకంటే తేడా వస్తే ముందు అక్కడే వస్తుంది. రెండు వారాలకి నిద్ర మెరుగుపడితే కొనసాగించండి. అంకె మాత్రం 140/90 పైనే ఉంటే ఆ కాగితం డాక్టర్‌కి చూపించండి, మాత్ర మార్చాల్సింది ఆయన. అంకె బాగా దిగి కళ్లు తిరుగుతున్నా ఆ కాగితమే చూపించండి. మాత్ర తగ్గించాలా వద్దా అన్నదీ ఆయనే చెప్తారు.